కాజాలే మిగిలాయి

మీరు చివరిసారి అబద్ధమాడింది ఎప్పుడు? నాకు చెప్పనక్కరలేదు, ఇక్కడ ఎవరిచేతా ప్రమాణం చేయించడం లేదు. అయితే ఎంత ఆలోచించినా గుర్తు రాకపోతే మాత్రం దానికి రెండే కారణాలుండాలి. మీరు మహానుభావులైనా అయి ఉండాలి, లేదా ఆ పని మీకు ఊపిరి తీసుకున్నంత అలవాటైనా అయి ఉండాలి. మా మామయ్యకు, అంటే మా అమ్మ తమ్ముడికి, తానీ రెండో కోవలో చేరిపోయానన్న బెంగ ఇరవై ఏళ్ళుగా ఉంది.

ఆయన దర్జీ. ఆయన కొట్లో ఇద్దరు నిలబడితే మూడోవాడు వీధిలోనే ఉండాలి. రెండు మిషన్లు, ఒక కత్తిరింపు బల్ల, గోడ పొడవునా వేలాడే సగం సగం బట్టలు, ఇంతే ఆ సామ్రాజ్యం. ఆయన కుట్టుకు వంక పెట్టగలిగినవాడు ఇంతవరకు పుట్టలేదు. చిక్కల్లా తేదీ దగ్గరే. ఎదుటివాడి మొహం చిన్నబోవడం ఆయన చూడలేడు. ఆ మొహం వెలగడానికి ఎంత దగ్గరి తేదీ కావాలో అంత దగ్గరి తేదీ చెప్పేస్తాడు. అందుకే వీధి వీధంతా ఆయన్ను ఎల్లుండి మాస్టరు అంటుంది.

ఆయన పద్ధతి కూడా చెప్పాలి. గుడ్డ వచ్చిన రోజే కత్తిరించి పెట్టేస్తాడు, ఒకరు కత్తిరించిన గుడ్డను ఇంకో దర్జీ ముట్టుకోడు కనుక. చెప్పిన తేదీకి మనిషి వస్తే, ఆ రంగుకు దగ్గరగా ఉన్న ఎవరి చొక్కానో దూరం నుంచే ఎత్తి చూపి, "అయిపోయిందండీ, కాజాలే మిగిలాయి" అంటాడు. ఒక బడిపంతులు మూడు వారాల పాటు తనదనుకుని చూసి మురిసిపోయిన చొక్కా ఎదురింటి డాక్టరుగారిదని తర్వాత తేలింది.

ఈ మనిషే ఆదివారం చర్చి ఆరాధనలో నిలబడి బైబిలు వాక్యం చదువుతాడు. పద్దెనిమిదేళ్ళుగా ఆ పని ఆయనదే. ఆయన చదువుతుంటే కళ్ళు తుడుచుకునేవాళ్ళున్నారు, తమ ప్యాంటు ఏమైందని కళ్ళతోనే అడిగేవాళ్ళూ ఉన్నారు. అబద్ధాల ప్రస్తావన వచ్చే భాగమైతే ఆయనకు దగ్గొస్తుంది, వరుసగా సంఘమంతా దగ్గుతుంది. సోమవారం పొద్దున్నే మిషను పక్కన మోకరించి, కన్నీళ్ళతో క్షమాపణ వేడుకుని తలుపు తీస్తాడు. పది కొట్టేసరికి మళ్ళీ పడతాడు. "మీ దగ్గర చెప్పిన టైముకి వచ్చేది ఒక్క పశ్చాత్తాపమేనండీ" అంటుంది మా అత్తయ్య.

కథ ఇలాగే సాగిపోయేది, బాప్తిస్మపు అంగీలు రాకపోతే. ఆ ఆదివారం తొమ్మిదిమంది బాప్తిస్మం తీసుకోవలసి ఉంది. వారికి తొమ్మిది తెల్ల అంగీలు కుట్టమని సంఘం నెల ముందే గుడ్డ పంపింది. అవి తల మీదుగా వేసుకునేవి, పాదాల దాకా ఉండేవి. నీళ్ళలో పైకి తేలకుండా అంచు మడతలో బరువులు పెట్టి చేత్తో కుట్టాలి, కనుక పని నిదానం. గురువారం మధ్యాహ్నం పాస్టరు గారు కొట్టు ముందు ఆగేసరికి మూడు పూర్తయ్యాయి. సంఘం పని ఇంకో దర్జీకి పోదన్న ధీమాతో కత్తెర పెట్టని మిగతా గుడ్డ మడత కూడా విప్పకుండా బల్ల మీద హాయిగా పడుకుని ఉంది.

మామయ్య లేచి నిలబడ్డాడు. ఆయన కంటే ముందు ఆయన నోరు లేచింది.

"అయిపోయాయి అయ్యగారూ. కాజాలే మిగిలాయి."

పాస్టరు గారు అంగీల వంక చూశారు, మడత వంక చూశారు, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "అలాగా" అని వెళ్ళిపోయారు. అత్తయ్య ఒక అంగీని చేతిలోకి తీసుకుని లోపలా బయటా తిప్పి తిప్పి వెతికింది.

"ఏమండీ, దీనికి అసలు గుండీ ఎక్కడుందండీ, కాజా కుట్టడానికి?"

మామయ్యకు తేలు కుట్టినట్టయింది. ఖాతాదారులతో ఆడినవి ఒక ఎత్తు. పాత బతుకు విడిచి నీళ్ళలోకి దిగబోయేవారి వస్త్రాల మీద, అదీ పాస్టరు గారితో, అదీ అతకని అబద్ధం! సాయంత్రానికల్లా మా ఇంటికొచ్చి, వాక్యం చదివే పని ఇక వదులుకుంటానని, ఆ ముక్క కాగితం మీద పెట్టి ఇమ్మని నన్ను అడిగాడు.

నేను సంతోషంగా రాసిచ్చాను. ఒక స్థానంలో నిలబడి, ఆ స్థానపు నియమాన్నే రోజూ తప్పే మనిషి దిగిపోవడం న్యాయమని నా నమ్మకం. రెండు పేరాలు, ఒక్క కొట్టివేత లేదు. అది చదివి మామయ్య కళ్ళొత్తుకున్నాడు. "అడిగిన గంటలో ఇచ్చేశావు, ఎవరి పోలికే నీకు?" అన్నాడు.

శుక్రవారం పొద్దున్న ఇద్దరం పాస్టరు గారింటికి వెళ్ళాం. ఆయన కాగితాన్ని రెండుసార్లు చదివారు.

"చదవడం మానేస్తే అబద్ధాలు ఆగిపోతాయా మాస్టారూ?"

మామయ్య నిజాయితీగానే ఆలోచించాడు. "ఆగవండి. పెరుగుతాయేమో కూడా. ఆదివారం ఒకటుందన్న భయానికే శనివారం కాస్త నోరు అదుపులో పెట్టుకుంటున్నాను."

"మరి ప్రభువు మిమ్మల్ని మానమన్నది ఏది, మీరు మానేస్తానంటున్నది ఏది?"

నేను ఊరుకోలేక, అర్హత సంగతేమిటని అడిగాను.

"అర్హత ఉన్నవాళ్ళే చదవాలంటే, అమ్మా, ఆ పుస్తకం అలమరలోంచి కిందికి దిగదు. నన్నూ కలుపుకునే చెప్తున్నాను" అని, ఆయన మళ్ళీ మామయ్య వైపు తిరిగారు. "ఇప్పుడు చెప్పండి. ఆదివారానికి ఎన్ని అంగీలు?"

ఆ మొహం నిండా ఆశ ఉంది. మామయ్య బలహీనత అంతా అలాంటి మొహం దగ్గరే.

"తొ..." అన్నాడు. ఆగాడు. మెడలోని టేపు కొసను వేలికి మెలిపెట్టాడు.

"ఆరండి. మిగతా మూడు అప్పటికి పూర్తి కావు. నెల రోజులుగా మీకు చెప్పలేదు, తప్పు నాదే."

పాస్టరు గారి మొహం నిజంగానే చిన్నబోయింది. మామయ్య ఆ మొహాన్ని చూస్తూ అలాగే నిలబడ్డాడు. అంగీ దొరకని ముగ్గురికీ తానే వెళ్ళి చెప్పి వస్తానని కూడా అన్నాడు.

చెప్పాడు. మొదటామె ఆసుపత్రి నర్సు. గుమ్మంలోనే పావుగంట సేపు దులిపేసింది. రెండోవాడు పదవీ విరమణ చేసిన రైలు డ్రైవరు. "నా పాత చొక్కా ఉందిలేవయ్యా. మునిగేది ఎలాగూ పాతవాడే కదా" అని నవ్వాడు. మూడో ఆమె, కొత్తగా పెళ్ళయిన పిల్ల, ఏడ్చింది. అదే అన్నిటికన్నా కష్టమైందట. 'రేపటికి ఎలాగో' అన్న మాట నాలుక చివరిదాకా వస్తే పళ్ళ మధ్య నొక్కిపట్టానన్నాడు.

ఇద్దరం తిరిగి వస్తుంటే బ్యాంకు గుమాస్తా ఎదురై తన ప్యాంటు గురించి అడిగాడు. "ఎల్లుండి ఇచ్చేస్తానండీ" అనేసి మామయ్య నాలుగడుగులు వేశాడు. నాకు ఒళ్ళు మండింది. నేను నోరు తెరిచేలోగా ఆయన గిరుక్కున వెనక్కి తిరిగి, చెప్పులు టపటపలాడిస్తూ పరిగెత్తి, గుమాస్తాను మలుపు దగ్గర పట్టుకుని, ఇంకా పది రోజులు పడుతుందని చెప్పాడు. గుమాస్తా ఏదో గట్టిగానే అన్నాడు. మామయ్య రొప్పుతూ తిరిగొచ్చాడు.

"ఇలా ఎన్నాళ్ళు పరిగెడతావు మామయ్యా?" అన్నాను.

"పడినన్నాళ్ళూ" అన్నాడాయన ఊపిరి కూడదీసుకుంటూ. "ఆదివారం నేనే చదువుతానే. ఆ ముగ్గురూ ఎదురుగా కూర్చున్నా సరే, దగ్గకుండా చదువుతాను."