కుర్చీలో సబ్ వూఫర్, నేల మీద నేను

రాజమండ్రిలో నేను సబ్ వూఫర్ పెడితే గోదావరి అవతల కొవ్వూరులో జనం లేచి కూర్చున్నారు!

మృదంగం నిండుగా వినిపించాలని రిటైరైన కొత్తలో కొన్న స్పీకర్ పెట్టె అది. పాత స్పీకర్లు రెండూ పాడుతుంటే ఇది మూల నుంచి వేరే గొడవలా ‘బూం’ అనేది. అటక మీద ఇత్తడి బిందెలు అదిరేవి.

"ఇవాళ మా అన్నయ్య వస్తున్నాడు. ఆయన ముందూ ఇలాగే మోగితే షాపులో తిరిగిచ్చేయండి," అంది మా ఆవిడ.

వెంటనే సబ్ వూఫర్‌ని నా వాలుకుర్చీలో కూర్చోబెట్టి, పాట పెట్టి, మోత ఎక్కడ హాయిగా వినిపిస్తే పెట్టెకు చోటు అదేనని గదంతా పాకుతూ విన్నాను. బీరువా పక్కకు రాగానే మృదంగం పాటలో చక్కగా కలిసిపోయింది. అప్పుడే గుమ్మంలో బావగారు!

"ఏంటి బావగారూ, ఈ వయసులో అంబాడుతున్నారు?"

సిగ్గు దిగమింగి, పెట్టెను బీరువా పక్కన పెట్టి, ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టాను. పాట సగమయ్యేసరికి ఆయన తొడ మీద తాళం వేస్తున్నారు.

"ఇంకోసారి పెట్టండి!"

పెట్టె మా ఇంట్లోనే ఉండిపోయింది.

కొవ్వూరు మాట కాస్త ఎక్కువైంది లెండి, పక్కింటి దాకా వినిపించింది. పాకడం మాత్రం నా సొంత ఐడియా అని రాస్తుంటే మా ఆవిడ తొంగి చూసింది.

"ఐడియా ఏంటండీ? నేల తుడుద్దామని పెట్టెను కుర్చీలో పెట్టింది నేను. మీరు పాకింది కళ్ళజోడు కోసం."