బానెట్ మీద పన్నెండు మచ్చలు

కార్లకు రంగులు వేసే షెడ్డులో అతన్ని అందరూ అద్దం మేస్త్రి అంటారు. అతను రంగు వేసిన బండి ముందు నిలబడి తల దువ్వుకోవచ్చు, అంత నునుపు. ముప్పై ఏళ్ళుగా ఆ పేరు నిలబెట్టుకున్న మనిషి ఇంటి కారు బానెట్‌ని మాత్రం ఏడేళ్ళు పట్టించుకోలేదు. ఊరందరి బళ్ళూ తళతళ, భార్య నడిపే తెల్ల కారు ముఖాన మాత్రం మచ్చలు. పక్కన సొట్టలు తీసే మేస్త్రి ఊరుకునేవాడు కాదు. "ఏం బావా, మా చెల్లెలి కారుకి మశూచి ఎప్పుడు తగ్గుతుంది?" అని ఏడిపించేవాడు. "ఆదివారం చేస్తాలే" అనేవాడు ఇతను. ఆ ఆదివారం వచ్చేసరికి భార్య లేదు.

ఆమె పోయి నలభై రోజులైంది. అతనికి ఏడుపు రాలేదు. మూడో రోజునే పనిలోకి వెళ్ళాడు. గుండె రాయి చేసుకున్నాడని కొందరన్నారు. చీమ కుట్టినట్టయినా లేదు చూడు అని ఇంకొందరన్నారు. రెండూ కాదు. రంగు పలచన చేసే థిన్నరులో చాలాసేపు నానిన చేతికి వేడీ చల్లనా ఏదీ తెలియదు. అతనికి లోపల అలా ఉంది, అంతే. పొద్దున్నే లేచేవాడు, టీ రెండు గ్లాసుల్లో పోసేవాడు, రెండోది కూడా తనే తాగేవాడు.

ఒక్కతే కూతురు. ఇరవై మూడేళ్ళు, మందుల షాపులో పని, షాపుకి దగ్గరలో చిన్న గది. తల్లి పోయిన రోజు పిల్ల ఇంట్లోనే ఉంది. తల్లికి ఆయాసం వస్తే తల్లే కారు నడుపుకుంటూ, ఈ పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి వెళ్ళింది. అప్పటికి పిల్లకి కారు నడపడం రాదు. తర్వాత పట్టుబట్టి నేర్చుకుంది.

ఆ సమయానికి ఇతను రంగు గదిలో ఉన్నాడు. ముఖానికి మాస్కు, ఫోను బయట బల్ల మీద. పైపూత మొదలుపెట్టాక మధ్యలో ఆపితే గీత పడిపోతుంది, అందుకని అతను ఎప్పుడూ ఆపడు. బయటికొచ్చి చూస్తే కూతురి నుంచి తొమ్మిది ఫోన్లు. ఆసుపత్రికి పరిగెత్తేసరికి అంతా అయిపోయింది. కూతురు అతని చొక్కా మీద పడిన నీలం రంగు తుంపర్లు చూసింది. "రంగు ఆరిందా నాన్నా?" అని ఒక్క మాట అడిగింది. అంతే, మళ్ళీ అతనితో మాట్లాడలేదు.

నలభయ్యో రోజున ఫోనుకి చిన్న మెసేజి వచ్చింది. 'అమ్మ కారు నాకు కావాలి. ఆదివారం వచ్చి తీసుకెళ్తాను.' ఆ కారు కూడా వెళ్ళిపోతే పిల్లకి ఈ గుమ్మం తొక్కే పని ఉండదు. అది అతనికి తెలుసు. తెలిసినా ఏం చెయ్యాలో పాలుపోలేదు. అతనికి చేతనైన పని ఒక్కటే, దాన్నే మొదలుపెట్టాడు.

షెడ్డు ఓనరు కారు కోసం ఒక మూల ఖాళీ చేసి ఇచ్చాడు. బానెట్‌ని సబ్బునీళ్ళతో కడిగి, మైనం జిడ్డు పోయేలా తుడిచి, అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకుని తడిమాడు. కంటికి ఆనని దెబ్బ కూడా చేతికి తగులుతుంది. అది ఇనప బానెట్ కాదు, ఫైబర్. పాతది ఒక గోడకి గుద్దుకుని నలిగిపోతే తక్కువలో వస్తుందని అతనే తెచ్చి బిగించాడు. మొత్తం పన్నెండు దెబ్బలు. పదకొండింటి మీద ఎర్రటి చుక్కలున్నాయి.

గోళ్ళ రంగు.

ఎప్పుడో ఒక సాయంత్రం, కొత్త బానెట్‌కి మొదటి రాయి తగిలినప్పుడు, భార్య గోల పెడితే అతను కంచంలోంచి తలెత్తకుండానే చెప్పాడు. "ఫైబర్‌కి తుప్పు పట్టదులే. కానీ నీళ్ళు పీలుస్తుంది. దెబ్బ తగలగానే ఏదో ఒకటి పూసి మూసెయ్." ఆమె ఇంట్లో ఉన్నదాన్ని పూసింది. కుట్టిన బట్టలు కారులో వేసుకుని ఇల్లిల్లూ తిరిగి అందించే మనిషి. రాళ్ళు తగలకుండా ఎలా ఉంటాయి? తగిలిన ప్రతిసారీ పూసింది. అంత బుద్ధిగా అతని మాట విన్నవాళ్ళు షెడ్డులో కూడా లేరు.

అది తలుచుకున్నా అతనికి ఏమీ అనిపించలేదు. అనిపించనందుకు కాస్త భయం వేసింది. పలచని ప్లాస్టిక్ షీటు బానెట్ మీద పరిచి, అంచుల వెంబడి పెన్నుతో గీశాడు. ఒక్కో దెబ్బ దగ్గర అడ్డంగా నిలువుగా ఒక గుర్తు పెట్టాడు. అది అతని పద్ధతి. అడుగుపూత ప్రైమరు పడ్డాక ఎక్కడ తడిమి చూసుకోవాలో ఆ షీటే చెబుతుంది. చివర్లో రాళ్ళదెబ్బ ఆపే పారదర్శక ఫిల్ము కత్తిరించుకోవడానికీ అదే కొలత.

తర్వాత చుక్కలన్నీ గీకేశాడు. గోళ్ళ రంగు మీద కారు రంగు నిలవదు. నీళ్ళలో తడిపిన గరుకు కాగితంతో అంచులు పలచన చేశాడు, లోపలి ఫైబరు నారలోకి దిగకుండా, తేలిగ్గా. చుక్క లేని పన్నెండో దెబ్బ ఒక్కటే నీళ్ళు పీల్చి ఉబ్బింది. ఆరబెట్టే వేడి దీపం దగ్గరగా పెడితే ఫైబరు లోపలి గాలి పొంగి పైన సూదిబెజ్జాలు పడతాయి. అందుకని రెండు రోజులు ఊరికే నీడలో ఆరనిచ్చాడు. పలచగా పుట్టీ, ప్రైమరు, తెలుపు, పైపూత. శనివారం సాయంత్రానికి ముందు భాగమంతా ఫిల్ము అంటించాడు. సొట్టల మేస్త్రి వచ్చి చూసి, ఈసారి హాస్యమాడలేదు. "బాగుంది బావా" అని భుజం మీద చెయ్యి వేసి వెళ్ళిపోయాడు.

ఆదివారం కూతురు షెడ్డుకే వచ్చింది. తాళాలు అడగలేదు. తిన్నగా బానెట్ దగ్గరికి వెళ్ళి, అరచేత్తో ఈ చివరి నుంచి ఆ చివరికి తడిమింది. అచ్చం తండ్రిలాగే.

"చుక్కలేవి?"

"గీకేశానమ్మా."

"అన్నీనా?"

"వాటి మీద రంగు నిలవదు."

"వాటి కోసమే కారు అడిగాను నాన్నా" అంది. గొంతు పెంచలేదు. "అమ్మ రోజూ నీకు ఎన్ని చెప్పేది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. ఆ చుక్కలైనా మిగిలాయనుకున్నాను."

అతను లోపలికి వెళ్ళి చెత్తబుట్టలోంచి ప్లాస్టిక్ షీటు తీశాడు. పంపు కింద కడిగి, చొక్కాతో తుడిచి, తెచ్చి బానెట్ మీద పరిచాడు. అంచుకి అంచు సరిపోయింది. మెరిసే తెలుపు మీద పన్నెండు గుర్తులు.

"ఇది కంకర లారీ వెనక" అన్నాడు, మొదటిదాని మీద వేలు పెట్టి. "నీ పదో తరగతి పరీక్ష మొదటి రోజు. నిన్ను బడి దగ్గర దింపి, లారీవాణ్ణి మూడు వీధులు వెంటాడింది."

కూతురు అతని ముఖంలోకి చూసింది.

"ఇది సైకిలువాడు పడ్డప్పటిది. తిట్టడానికి దిగి, వాడి మోకాలు చూసి టీ ఇప్పించింది. ఇది బట్టల కొట్టు ముందు, ఎవరో తలుపు విసురుగా తీశారు. ఆ రోజు జాకెట్టు కొలత తప్పిందని ఒకావిడ మాట అంది, మీ అమ్మ అన్నం తినలేదు."

చెబుతుంటే అతనికే వింతగా ఉంది. ఇన్ని సంగతులు తనకు తెలుసని అతనికి తెలియదు. కంచం ముందు కూర్చుని ఊ కొట్టిన ఊలన్నీ ఎక్కడో పోగుపడి ఉన్నాయి. పదకొండూ చెప్పాడు. పన్నెండో గుర్తు మీద వేలు ఆగిపోయింది.

"ఇది నాకు చెప్పలేదు" అన్నాడు.

కూతురు ఆ గుర్తు మీద అరచెయ్యి ఆనించింది.

"ఆ రోజుది. ఆసుపత్రికి వెళ్తుంటే తగిలింది. అంత ఆయాసంలోనూ నవ్వింది నాన్నా. పన్నెండోది, సాయంత్రం మీ నాన్నకి చెప్పాలి అంది."

నలభై రోజుల తర్వాత అతనికి నొప్పి తెలిసింది. ఎక్కడెక్కడ ఉండాలో అక్కడక్కడ.

ఏడేళ్ళలో భార్యని అతను ఒక్కసారి కూడా అడగని మాట కూతుర్ని అడిగాడు.

"ఎక్కడ తగిలింది? మొదటి నుంచి చెప్పు."

కూతురు బానెట్‌కి ఆనుకుని, అతని పక్కన నిలబడి, చెప్పడం మొదలుపెట్టింది.