పుదీన కుండ

మా అత్తమ్మ ఎవరికీ భారం కాదని కనిపించినవాళ్లకల్లా చెప్పుకునేదాన్ని. ఊళ్లోకి అప్పుడప్పుడే సెల్లుఫోన్లు వస్తున్న రోజులు. పక్షవాతం వచ్చి ఆమె కుడి కాలూ కుడి చెయ్యీ పడిపోయి రెండేళ్లయింది. పెద్దమందడిలో మా ఇంటి అరుగు మీద మంచం వేస్తే పొద్దంతా అక్కడే. పల్లికాయ తెంపే రోజుల్లో నేనూ మా ఆయనా పొద్దున్నే చేనుకు పోయేవాళ్లం. మంచం పక్కన గిన్నెలో అన్నం, చెంబెడు నీళ్లు పెట్టిపోతే, సాయంత్రానికి రెండూ ఖాళీ. ఇంత బంగారంలాంటి అత్త ఎవరికుంటుందని నా మురిపెం నాది.

ఆ మంచం పక్కనే పగిలిన కుండలో పుదీన వేశాను. ఎండలకు ఊళ్లో అందరి పుదీనా మాడిపోతే మాది గుబురుగా పెరిగింది. ఎదురింట్లో గాజులమ్మే ముస్లిం అక్క చట్నీకని తెంపుకుంటూ, "నాది ఎండిపాయె. నీదెట్ల పెరుగుతున్నది చెల్లే?" అనేది. నా చేతి గుణమని గొప్పలు పోయేదాన్ని.

ఒకరోజు ఆ అక్క పుదీన కోసం మధ్యాహ్నం పూట వచ్చిందట. సాయంత్రం నేను చేను నుంచి రాగానే వాకిట్లోనే ఆపింది.

"నీ చేతి గుణం కాదు చెల్లే. మీ అత్త తాగే నీళ్లు చెట్టుకు పోస్తున్నది. తాగితే ఒంటికి పోవాలె కదా, తోలుకపోయేటోళ్లు ఎవరున్నరు ఇంట్ల?"

నాకు తల తీసేసినట్లయింది. ఆ వేసవిలోనే అత్తమ్మకు ఒంటికి పోతే మంట, జ్వరం. వనపర్తి దవాఖానలో నీళ్లు బాగా తాగించమంటే, "చెంబుకు చెంబు తాగుతది సారూ" అన్నది నేనే. నా మీద రావలసిన కోపం అలవాటు కొద్దీ అత్తమ్మ మీదికి పోయింది.

"నాకెందుకు చెప్పలె అత్తమ్మా?"

"చెప్తే చేను ఇడిసి ఇంట్ల కూసుంటవు. కాయ ఎవరు తెంపాలె బిడ్డా? చెంబుల నీళ్లుంటే అడుగుతవని చెట్టుకు పోసిన. అదన్న బతికె."

ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

మర్నాడు మా ఆయన మంచం నుంచి మరుగుదొడ్డి దాకా గోడ పొడుగునా, ఆమె ఎడమచేతికి అందేలా, తాడు బిగించి కట్టాడు. కుర్చీకి నడిమధ్య రంధ్రం కోసి మరుగుదొడ్డి లోపల వేశాడు. అత్తమ్మ తాడు పట్టుకొని, కుడి కాలు ఈడ్చుకుంటూ మెల్లగా పోయింది. కాసేపటికి లోపలినుంచే కేకేసింది.

"పోనీకి తాడున్నది. రానీకి ఏది?"

వచ్చేటప్పుడు ఆ తాడు పడిపోయిన చేతివైపు ఉంటుందని మా ఇద్దరికీ తట్టలేదు. మా ఆయన గుంజలు పాతి రెండోవైపు కూడా కట్టాడు. మధ్యాహ్నం గాజులక్క వచ్చి వెంట నడిచేది.

అయినా నాకు అనుమానమే. అందుకని పుదీనకు కావాలనే చుక్క నీళ్లు పొయ్యలేదు. రోజూ చెంబు ఖాళీ అయ్యేది. వారం తిరిగేసరికి పుదీన నిలువునా ఎండిపోయింది.

"నా చట్నీ పాయె," అన్నది గాజులక్క, నవ్వుతూ.

చెట్టు ఎండితే అంత సంతోషపడటం నాకు అదే మొదలు.