నేను చుట్టిన నాలుగు ఐసు బాటిళ్లు

మొన్న శనివారం ఏం జరిగిందో తెలుసా? ఈ జులై ఎండల్లో నేను కొండెక్కానండీ! పై దాకా! కావాలంటే ఫొటో ఉంది. అసలు ఆ ఫొటోయే కొంప ముంచింది.

మేముండేది దుబాయ్ పక్కన అజ్మాన్‌లో. నేను ప్రసూతి వార్డులో నర్సుని. "లిఫ్టు పాడైతే రెండో ఫ్లోరుకే ఆయాసపడతావ్, నీకు కొండెందుకే? సగంలో వెనక్కి తిరుగుతావ్ చూడు" అన్నారు మా ఆయన. రోషం వచ్చింది. పక్క ఫ్లాట్ రాజు, లక్ష్మి కూడా బయల్దేరారు. నీళ్ల డ్యూటీ నాదే అన్నాను. ఎంతైనా నర్సుని కదా!

ముందురోజే నాలుగు పెద్ద బాటిళ్లు ఫ్రీజర్లో పెట్టాను. రాత్రి రెండింటికే లేచి, వాటిని తీసి ఒక్కోదాన్నీ టవల్లో గట్టిగా చుట్టి తలా ఒకటి ఇచ్చాను. ఇరవై ఏళ్లుగా పుట్టిన బిడ్డల్ని చుట్టిన చెయ్యి, మామూలుగా చుడుతుందా!

కారులో గంటన్నర వెళ్లి, చీకట్లోనే ఖోర్ఫక్కాన్ కొండ సగం ఎక్కేసరికి చేతిలో ఉన్న చిన్న బాటిళ్లు అయిపోయాయి.

"అక్కా, ఇగ నీ చల్లటి నీళ్లు తియ్యి" అంది లక్ష్మి.

స్టైల్‌గా టవల్ విప్పి, మూత తీసి వంచాను. చుక్క పడితే ఒట్టు! మిగతా మూడూ అంతే.

"ఏంది అక్కా, రాయి లెక్కున్నది!"

"నీళ్లు ఖలాస్ అంటే యల్లా, కిందికే. ఎండ ఎక్కితే రిస్క్" అన్నాడు రాజు.

మా ఆయనేమో మీసాల చాటున నవ్వుకున్నారు. అక్కడే నాకు ఒళ్లు మండింది.

"పది నిమిషాలు ఆగండి!" అన్నాను. నెల తక్కువ బిడ్డల్ని తల్లి గుండెకి ఆనించి వెచ్చగా ఉంచుతాం కదా, అదే వైద్యం! టవల్ పైపైన కప్పి, బాటిల్‌ని గుండెకి హత్తుకున్నాను. "అందరూ ఇలాగే పట్టుకోండి. తల కింద చెయ్యి పెట్టండి రాజూ!" అలవాటు కొద్దీ నోరు జారింది.

కరిగింది! తలా నాలుగు గుక్కలు. మళ్లీ ఎక్కడం, మళ్లీ గుక్క. అలా నలుగురం బాటిళ్లని జోకొడుతూ పైకి చేరాం. సముద్రంలోంచి సూర్యుడు అప్పుడే లేస్తున్నాడు. ఎండిన కొండలన్నీ ఎర్రగా వెలిగిపోతున్నాయి. రోజూ వార్డులో నిలబడి గటగటా తాగే నీళ్లే, ఆ గుక్క గొంతులో పడుతుంటే "స్తోత్రం ప్రభువా" అని పైకే అనేశాను.

"ఎక్కేశావే!" అన్నారు మా ఆయన. ఆ ఒక్క మాటకి మోకాళ్ల నొప్పి ఎగిరిపోయింది.

టవల్ కప్పిన బాటిళ్లని అలాగే ఎత్తుకుని, నలుగురం గర్వంగా ఫొటో దిగితే దాన్ని వార్డు గ్రూపులో పెట్టాను. వెంటనే మా హెడ్ నర్సు ఫోన్: "సిస్టర్, లీవు పెట్టి కొండ మీద నాలుగు డెలివరీలు చేశావా?"

ఏం చెప్పను! ఇన్నేళ్లలో నా చేతుల్లో పుట్టిన పిల్లలంతా వాళ్లే ఏడ్చారు. ఈ నలుగురు మాత్రం కిక్కురుమనకుండా నన్ను ఏడిపించారు!