వస్తా సార్

ఆ లెక్చరరు రాయలసీమ మనిషి. విలాయత్‌లో కొన్నాళ్లు ఉండి వచ్చాడు. వచ్చినప్పటి నుంచి ఎవరైనా తెలుగులో పలకరిస్తే చెవిలో పురుగు దూరినట్టు మొహం పెట్టేవాడు. ఎండాకాలంలో కూడా కోటే. క్యాంపస్‌లో ఎదురుపడి నమస్కారం పెడితే "హౌ ఆర్ థింగ్స్?" అనేవాడు. ఏ సంగతి అడుగుతున్నాడో తేల్చుకుని జవాబు చెప్పబోయేసరికి దాటి వెళ్లిపోయేవాడు. జవాబు అక్కర్లేకుండా ప్రశ్న అడగడం ఏం మర్యాదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

అరవైల చివర్లో నేను ఎమ్మే ఇంగ్లీషు పూర్తిచేసి, ఆయన డిపార్ట్‌మెంటులోనే ట్యూటరు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకున్నాను. అది వస్తే వారాసిగూడలో అద్దెగది నిలబడుతుంది. రాకపోతే మా నాయన ఊళ్లో మాట్లాడిపెట్టిన తాలూకాఫీసు గుమాస్తాగిరి. ఆ మాట తలుచుకుంటేనే నాకు ఒళ్లు మండేది. అందుకని ఇంగ్లీషు జాతీయాల పుస్తకమొకటి కొని బట్టీ పట్టాను. జోరుగా వాన పడితే కుక్కలూ పిల్లులూ పడ్డాయనాలట. మనిషి చస్తే బకెట్టు తన్నాడనాలట. ఇంత తిక్కభాష ఇన్ని దేశాలను ఎట్లా ఏలిందా అని తిట్టుకుంటూనే ఒక్కటీ వదలకుండా నేర్చుకున్నాను.

తీరా ఇంటర్వ్యూలో వానా రాలేదు, బకెట్టూ రాలేదు. లెక్చరరు పక్కన ఒక తెల్లదొర కూర్చున్నాడు. అడిగినవాటికి బాగానే చెప్పాను. చివర్లో లేచి నిలబడి, సెలవు తీసుకునేటప్పుడు చిన్నప్పటి నుంచి అలవాటైన మాటనే ఇంగ్లీషులో అనేశాను.

"ఐ విల్ కమ్, సర్."

దొర అయోమయంగా చూసి "కమ్ వేర్?" అన్నాడు. ఆయన తప్పేమీ లేదు. వెళ్లేటప్పుడు మావాళ్లు వస్తాననే అంటారని పక్కనున్నవాడు ఒక్క ముక్క చెబితే సరిపోయేది. చెప్పలేదు. తనకూ అంతుపట్టనట్టు భుజాలెగరేసి, దొరతో కలిసి నవ్వాడు. నవ్వి, "వి విల్ లెట్ యు నో" అన్నాడు.

పిచ్చివాణ్ణి, నిజంగానే తెలియజేస్తారనుకున్నాను. వారాల తరబడి పోస్ట్‌మన్ దారి చూశాను. చివరికి ఓపిక నశించి ఒక పొద్దున తార్నాకలో ఆయన ఇంటికే వెళ్లాను.

నేను గేటు దగ్గరికి చేరేసరికి ఆయన కోటు వేసుకుని గడప దాటుతున్నాడు. వెనకాలే ఆయన తల్లి వచ్చి నిలబడింది. ఆయన వెనక్కి తిరిగి, "వస్తా మా" అన్నాడు. అచ్చమైన సీమ యాసలో.

"ఎక్కడికి వస్తరు సార్?" అన్నాను.

ఈసారి నవ్వడానికి పక్కన దొర లేడు. ఆయన స్కూటరు దగ్గరికి నడిచాడు.

"నా నౌకరి సంగతి ఏమైంది సార్? తెలుపుతమన్నరు గదా?"

"ఆ పోస్టులో ఎప్పుడో వేరేవాణ్ణి తీసుకున్నారు. లెట్ యు నో అంటే లేదని అర్థం. ఎమ్మే చదివినావు, ఆ మాత్రం తెల్దా?"

కోపమొచ్చేసరికి తెలుగు బాగానే వచ్చింది. నా పుస్తకంలో మాత్రం ఆ అర్థం ఎక్కడా లేదు. అసహ్యం వేసింది. ఇట్లాంటి మనిషికి వస్తానని చెప్పబుద్ధి కాలేదు.

"పోతున్న సార్" అన్నాను, కావాలనే.

గడపలో ఉన్న ముసలావిడ ఉలిక్కిపడింది. "అట్లనగూడదు నాయనా! పోతున్నానని ఎవురన్నా అంటారా? వస్తాననాల" అంది. ఆ పైన కొడుకు వైపు తిరిగి, "ఏమిరా, ఇంతమందికి చదువు చెప్తావే, ఇదన్నా చెప్పవా ఆ పిల్లోనికి?" అంది.

ఆయన వినపడనట్టు స్కూటరును తన్నుతూనే ఉన్నాడు. అది కదల్లేదు.

"వస్తనమ్మా" అన్నాను, ఆమెకు మాత్రమే.

ఆ నెలలోనే వారాసిగూడ గది ఖాళీ చేసి తాలూకాఫీసులో చేరాను. ఆ గేటు వైపు మళ్లీ ఎన్నడూ రాలేదు.