ఊరు ముందు, పేరు తర్వాత

మొన్న మా కోడలి ఫోన్లో ఏదో తెరుచుకోక ఆ గుండ్రటి గీత అలా తిరుగుతూనే ఉంటే, నాకు ఉన్నపళంగా అరచేతులు చెమర్చాయి. వయసు మీద పడింది కదా అని తను నవ్వింది గానీ, ఈ భయం వయసుతో వచ్చింది కాదండీ, పాతికేళ్ళ కిందటిది.

అప్పట్లో రాజమండ్రిలో ఓ ఆసుపత్రిలో నాది కంప్యూటర్ ఉద్యోగం. రోగుల కార్డులన్నీ అందులోకి ఎక్కించి, పేరు కొడితే వివరాలు వచ్చేలా చేసి, నా అంతటిది లేదని తెగ మురిసిపోతుండేదాన్ని. రికార్డు గదిలోని పెద్ద గుమాస్తా గారు మాత్రం పాత కార్డుల కట్టలు పారేయనిచ్చేవారు కాదు. చాదస్తం అనుకున్నాను.

ఒక మధ్యాహ్నం ఉప్పాడ నుంచి సముద్రం మీద చేపల వేటకెళ్ళే మనిషొకాయన, జ్వరంతో వణికిపోతున్న భార్యని తీసుకొచ్చాడు. ఇదివరకు ఇక్కడే ఏదో ఇంజెక్షను పడక ఆవిడకి ప్రాణం మీదికొచ్చిందట, అదేంటో ఆయనకి తెలీదు. డాక్టరు గారు సూది పట్టుకుని నావైపే చూస్తున్నారు. ఆవిడ పేరు, వీర వెంకట సత్యవతి అని కొట్టాను. అంతే, తెరమీద ఇసుక గడియారం బొమ్మ మొదలైంది, ఆగదే! మన గోదారి జిల్లాల్లో వీర వెంకటలు ఒకరా ఇద్దరా, ఆ మిషను వాళ్ళందరినీ ఒక్కొక్కరినే తిరగేస్తోంది. ఆవిడ మూలుగు వినిపిస్తుంటే దేవుడా దేవుడా అనుకుంటూ కూర్చున్నాను.

ఈలోగా గుమాస్తా గారొచ్చి ఆవిడ భర్తని ఏ ఊరు, ఇంటిపేరేంటి అని రెండే ముక్కలు అడిగి, లోపలికెళ్ళి ఉప్పాడ కట్ట విప్పి కార్డు లాక్కొచ్చేశారు. దానిమీద ఆవిడకి పడని మందు పేరు ఎర్ర సిరాతో రాసుంది. డాక్టరు గారి చేతిలో ఉన్నది అదే మందు. నా గడియారం ఇంకా తిరుగుతూనే ఉంది.

"ఊరు ముందడగాలమ్మా, పేరు తర్వాత," అన్నారాయన, మందలింపుగా కూడా కాదు.

మర్నాడే ముందు ఊరు, అందులో ఇంటిపేరు, ఆ వరసలో ఇండెక్సు కట్టేసరికి అదే మిషను రెప్పపాటులో చెప్పేసింది. అందరూ ఆహా ఓహో అన్నారు, నేనూ ఊరుకున్నాను. ఇంత చురుగ్గా వస్తుంటే ఇంకా ఈ కట్టలెందుకని కొన్నాళ్ళకి రికార్డు గది ఎత్తేసి, గుమాస్తా గారిని ఇంటికి పంపేశారు. వెళ్ళే రోజున నా బల్ల దగ్గరికొచ్చి, బాగా నేర్చుకున్నావమ్మా అన్నారు.

ఇప్పుడు ఏ ఆసుపత్రికెళ్ళినా ఫోన్ నంబరు చెబితే చాలు, మీదే ఊరండీ అని అడిగే నాథుడు లేడు. మంచిదే, ఎవరి ప్రాణమూ నా మిషను కోసం కాచుకోనక్కర్లేదు. కానీ ఆ వరస నాది కాదు, ఆయనది అని ఆ రోజు పైవాళ్ళతో ఒక్క మాట చెప్పి ఉంటే, ఆయన్ని ఉండనిచ్చేవారేమో. చెప్పలేదండీ. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.