పెళ్లికి దాచిన గోరింటాకు

మా ఆడపడుచుకు పామూరు సంబంధం ఖాయమైన రోజు, వచ్చినవాళ్లంతా వెళ్లిపోగానే ఆ పిల్ల నన్ను చెయ్యి పట్టుకుని పెరట్లోకి లాక్కెళ్లింది. గోరింట చెట్టు ముందు నిలబెట్టి, "భాబీ, నా పెళ్లికి కోన్ వద్దు. మన ఆకే కావాల" అంది.

కారణం నాకు తెలుసు. అంతకుముందు ఎవరో స్నేహితురాలి పెళ్లికి పోయి, బజారు కోన్‌తో చేతుల నిండా డిజైన్ పెట్టించుకుని వచ్చింది. మర్నాటికి అరచేతులు బొబ్బలెక్కాయి. అన్నం కూడా నేనే తినిపించాల్సి వచ్చింది. అందులో ఏదో మందు కలిపి ఉంటారని డాక్టరమ్మ చెప్పింది. అప్పటినుంచి కోన్ పేరు చెబితేనే ఈ పిల్ల చేతులు వెనక్కి దాచుకుంటుంది.

చిక్కల్లా ఏమిటంటే పెళ్లి చలికాలంలో. అప్పటికి మా చెట్టు ఆకు రాల్చి కాయల మీద ఉంటుంది. సంబంధం ఖాయమైనప్పుడేమో తొలకరి పడి కొమ్మలు కనిపించనంత ఆకు. ఇప్పుడే కోసి ఎండబెట్టి దాచుకుంటే సరిపోతుందనుకున్నాం.

ఆ పని మా అత్తగారు తన మీద వేసుకున్నారు. మార్కాపురం ఎండలో మిరపకాయలు, వడియాలు పెట్టడంలో ఆమెకు పేరుంది. "ఆకు ఎండబెట్టేది గూడా ఒక పనేనా?" అంటూ మిద్దె మీద పాత చీర పరిచి ఆకంతా పోశారు. ఆ రోజు మబ్బు లేదు. సాయంత్రానికల్లా ఆకు గలగలలాడింది. మిక్సీలో వేసి పొడి కొట్టి, కాస్త తడిపి పరీక్షకు నా అరచేతిలో పెట్టారు. కడిగితే టీ ఒలికిన మరకలా వచ్చింది.

అత్తగారు నా చెయ్యి అటూ ఇటూ తిప్పి చూశారు. "నీ చెయ్యే అంత. నీ పెళ్లప్పుడు గూడా సరిగ్గా పండలేదు."

"అయితే నీ చేతికి పెట్టుకో అమ్మీ" అంది ఆడపడుచు.

పెట్టుకున్నారు. అదే మరక. తర్వాత మెల్లగా, "ఎండ తినేసింది రంగు" అన్నారు.

రెండోసారి నీడలోనే ఆరబెట్టాలని తీర్మానించుకున్నాం. ఈసారి రెమ్మలతో సహా కోసి హాల్లో దుప్పటి మీద పరిచి ఫ్యాను వేశాం. ఇంట్లో అందరం గోడ పట్టుకుని నడిచేవాళ్లం. "నేనెక్కడ పండుకోవాల?" అని మా ఆయన గొణిగినా ఎవరూ పట్టించుకోలేదు. ఇంతలో ముసురు పట్టింది. పైన ఆకు పట్టుకుంటే పొడిపొడిగా రాలుతోంది కదా అని అంతా స్టీలు డబ్బాలో కుక్కి మూత బిగించాం. మిగిలిన కాస్తా పచ్చడి పెట్టుకునే గాజు సీసాలో వేశాను.

ముసురు వదిలాక మూత తీశాం. తడి గోనెసంచి వాసన ముక్కుకు కొట్టింది. ఆకు ముద్దలు కట్టి, మధ్యమధ్యలో తెల్లటి బూజు. ఆడపడుచు అక్కడే చతికిలబడి కళ్లు తుడుచుకుంది.

"ఇంకేం పెళ్లి భాబీ!"

"పెళ్లికొడుకు బాగనే ఉన్నాడు కదా, పోయింది ఆకే" అన్నాను. ఏడుస్తూనే నవ్వింది.

డబ్బా కడగడానికి వేసి గాజు సీసా అందుకున్నాను. అందులో బూజు లేదు గానీ లోపలి గోడల నిండా ఆవిరి పట్టి ఉంది. ఎండిన ఆకులో ఈ నీళ్లెక్కడివి? ఒక రెమ్మ తీసి వంచాను. ఆకు పొడి అయింది. కాడ మాత్రం విరగలేదు, మెత్తగా వంగింది. అప్పుడర్థమైంది. తడి కాడలో దాక్కుంది. మూత పెట్టగానే బయటికొచ్చి మళ్లీ ఆకుకు పట్టింది.

ఆ మాట చెబుతుంటే మామగారు పేపరు పక్కన పెట్టి లేచి వచ్చారు. ఆయనకు ఒకప్పుడు రాతిపలకలకు కట్టె ఫ్రేములు బిగించే షెడ్డు ఉండేది. బడిపిల్లల పలకలు అడిగేవాళ్లు తగ్గిపోయాక మూసేశారు. అప్పటినుంచి పొద్దంతా పేపరే. ఆయన కూడా కాడ వంచి చూశారు.

"కట్టె గూడా ఇంతే. పైన ఆరినట్టుంటది, లోపల పచ్చిగుంటది. అయినా నేలమీద పరిస్తే కింద గాలి ఎట్ల తగల్తదమ్మా?"

అంటూనే వెనక షెడ్డు తాళం తీశారు. పలకలు ఎక్కని ఉత్త ఫ్రేములు కట్టలుకట్టలుగా మోసుకొచ్చి, దుమ్ము దులిపి, చిరిగిన దోమతెర ముక్కలు కోసి వాటికి బిగించడం మొదలుపెట్టారు. ఒక్కో ఫ్రేములో గుప్పెడు ఆకు మించి పట్టదు. వసారా పొడవునా ఫ్రేములు పలకల్లా బారులు తీరాయి.

అత్తగారు గుమ్మంలో నిలబడి, "ఏంది, బడి పెట్టినావా?" అన్నారు.

ఆయనకు రోషం వచ్చింది. మర్నాడు పొద్దున్నే షెడ్డులోనుంచి రంపం చప్పుడు. ఎన్నాళ్లకో విన్నాం ఆ చప్పుడు. తలుపంత వెడల్పు ఫ్రేములు చేసి, దోమతెర బిగించి, షెడ్డు దూలానికి తాళ్లతో ఒకదాని కింద ఒకటి వేలాడదీశారు. ఆడపడుచూ నేనూ చెట్టుకు మిగిలిన ఆకు కోసి, ఈసారి కాడలు తీసేసి ఉత్త ఆకే పలచగా చల్లాం. పైన, కింద, పక్కల, ఎటు చూసినా గాలే. ఉత్సాహం పట్టలేక మామగారు అడుగు ఫ్రేము కింద పెద్ద బల్బు ఒకటి వెలిగించారు, ఇంకా తొందరగా ఆరుతుందని. పొద్దున చూస్తే బల్బు పైనున్న ఆకంతా గోధుమరంగుకు తిరిగింది.

"ఎండ చాల్లేదని నువ్వొక సూర్యుణ్ణి తెచ్చినావా!" అని అత్తగారు బల్బు పీకేశారు. ఆయన మాడిన ఆకు ఏరి పారేశారు.

ఆకు నలిపితే విరుగుతోందనిపించాక గాజు సీసాల్లో సగం వరకు వదులుగా నింపాం. అప్పటినుంచి ఆ సీసాల బాధ్యత పెళ్లికూతురిదే. పళ్లు తోముకుంటూనే షెడ్డులోకి పోయేది. సీసా వెలుతురుకు పట్టి ఆవిరి ఉందేమో చూసేది, మూత తీసి వాసన చూసేది, ఆకును చేత్తో కలిపి కాసేపు గాలికి వదిలేది. మొదట్లో రాత్రి గలగలలాడిన ఆకు పొద్దున్నకు మెత్తబడేది. మళ్లీ ఫ్రేముల మీదికి ఎక్కించేవాళ్లం. కొన్నాళ్లకు ఆకు మెత్తబడటం మానేసింది. మూత తీస్తే పచ్చి వాసన పోయి ఎండుగడ్డి, టీపొడి కలిసినట్టు కమ్మటి వాసన.

"భాబీ, అయిపోయింది! వాసన చూడు!" అని ఇంటిల్లిపాది ముక్కుల దగ్గరా సీసా పెట్టింది. అప్పుడు మూతలు గట్టిగా బిగించి చీకటి అలమరలో పెట్టాం.

పొడి కొట్టింది పెళ్లి దగ్గరపడ్డాకే. పలచటి చున్నీలో జల్లించి, టీ నీళ్లు, నిమ్మరసం పోసి అత్తగారే నానబెట్టారు. ప్లాస్టిక్ కవరుతో కోన్లు చుట్టాం. మధ్యాహ్నం నుంచి ఇంటి నిండా ఆడవాళ్లే. పెళ్లికూతురి చేతులు మోచేతుల దాకా నింపాం. ఆరాక రాల్చి చూసుకుంటే ఉత్త నారింజ రంగు! ఆ పిల్ల ముఖం వాడిపోయింది.

"తెల్లారేదాకా ఆగు బిడ్డా. మనింటి ఆకు మెల్లగ పండుతది" అన్నారు అత్తగారు. నిజం చెప్పాలంటే ఆ మాట అన్నప్పుడు ఆమె ముఖంలోనూ ధైర్యం లేదు.

తెల్లారేసరికి ఎర్రబడింది. నిఖా వేళకు అరచేతులు పండిన నేరేడు రంగుకు తిరిగాయి. ఒక్క బొబ్బ లేదు, దురద లేదు. పామూరు నుంచి వచ్చిన ఆడవాళ్లు ఆ చేతులు పట్టుకుని, "ఏ షాపు కోన్ ఇది?" అని అడిగారు.

"మా షాపే" అన్నారు మామగారు, గోరింటాకు పెట్టిన తన చిటికెన వేలు చూపిస్తూ. అక్కడితో ఆగలేదు. బిర్యానీ వడ్డన మొదలైనా వినకుండా పెళ్లికొడుకు తండ్రిని షెడ్డులోకి తీసుకెళ్లి ఫ్రేములన్నీ చూపించారు. ఇద్దరినీ పిలుచుకు రావడానికి మా ఆయన రెండుసార్లు తిరిగాడు.

వేసవి దాటాక ఆడపడుచు ఫోన్ చేసింది, తను తీసుకెళ్లి నాటిన గోరింట కొమ్మ చిగురేసిందని. చెట్టు ఇంకా మోకాలి ఎత్తు కూడా లేదు. అయినా మామగారు ఆగుతారా? కొత్త ఫ్రేము ఒకటి చేసి, పాత లుంగీ చుట్టి, స్వయంగా పామూరు బస్సెక్కారు. "ఏంది పెద్దాయనా, మంచమా?" అని కండక్టర్ అడిగితే, "మంచమే. ఆకు పండుకునే మంచం" అన్నారట.

మర్నాడు ఆడపడుచు వీడియో కాల్ చేసింది. కొత్త ఫ్రేము వాళ్ల మిద్దె మీద ఉంది. దాని నిండా వాళ్ల అత్తగారి మిరపకాయలు ఎర్రగా ఎండుతున్నాయి.

"బాబాకు చెప్పొద్దు భాబీ" అంది నవ్వు ఆపుకుంటూ. అప్పటికే మామగారు నా భుజం మీదుగా ఫోన్‌లోకి తొంగి చూస్తున్నారు.

"ఎంత బాగ ఆరుతున్నయ్యో చూడు" అన్నారు.